ఓడ తెలిసిన కుంచె: డెన్మార్క్ సముద్ర చిత్రకారుడు ఎకర్స్‌బర్గ్



ఈ ఉపన్యాసం దామెర్ల రామారావు గారి స్మృతికి అంకితం. ఆయన 1897లో రాజమండ్రిలో పుట్టారు. అక్కడి ప్రభుత్వ కళాశాల ప్రిన్సిపాల్, స్వయంగా చిత్రకారుడూ అయిన ఆస్వాల్డ్ కూల్డ్రే ఆయన చేతిలోని విద్యను గుర్తించి ప్రోత్సహించారు. ఆ అండతో రామారావు గారు 1916లో బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చేరారు. చదువు ముగించుకుని సొంత ఊరికి వచ్చి చిత్రకళాశాల పెట్టారు. 1925 ఫిబ్రవరిలో మశూచి సోకి, ఇరవై ఎనిమిదో ఏడు నిండకుండానే కన్నుమూశారు. గోదావరిని, దాని గట్లను, కొండలను నీటిరంగుల్లో నిలిపిన చేయి ఆయనది. నీటి ఒడ్డున పుట్టి నీటిని గీసిన అటువంటి మనిషి పేరు మీద జరిగే సభలో, సముద్రాన్ని నమ్ముకున్న మరో చిత్రకారుడి జీవితాన్ని, పనిని పరిశీలించడం సముచితం. ఆ చిత్రకారుడు క్రిస్టఫర్ విల్హెల్మ్ ఎకర్స్‌బర్గ్. డెన్మార్క్ చిత్రకళకు పితామహుడని ఆ దేశం ఆయనను పిలుచుకుంటుంది.

సముద్రానికి వందల కిలోమీటర్ల దూరాన, ఈ సభ జరుగుతున్న అల్మాస్‌గూడలో ఓడల ముచ్చట ఏమిటని కొందరికి తోచవచ్చు. గోల్కొండ రాజ్యానికి రేవు మచిలీపట్నమేనని సభికులు గుర్తు చేసుకోవాలి. ఈ నేల సరుకు ఆ రేవు నుంచే ఓడ ఎక్కింది. ఆ రేవుకు వచ్చిన జెండాలలో డెన్మార్క్ జెండా కూడా ఉంది. ఆ సంగతి ఆరో భాగంలో వస్తుంది.

ఈ ఉపన్యాసం నిరూపించదలచినది ఒక్కటే. సముద్రాన్ని గీయడానికి ఆవేశం ఒక్కటే చాలదు. ఓడ కట్టుబడి, గాలివాటం, చూపులోని లెక్క తెలిసి ఉండాలి. ఆ తెలివిడి చిత్రంలోని అందాన్ని చంపదు సరికదా, దాన్ని నిలబెడుతుంది. ఎకర్స్‌బర్గ్ జీవితమే ఇందుకు సాక్ష్యం.

1. రంగులు పూసే ఇంట పుట్టినవాడు

ఎకర్స్‌బర్గ్ 1783 జనవరి 2న శ్లెస్విగ్ ప్రాంతంలోని ఒక పల్లెలో పుట్టాడు. తండ్రి వడ్రంగం చేసేవాడు, ఇళ్ళకు రంగులు వేసేవాడు. కొయ్య, కొలబద్ద, రంగు డబ్బా ఆ ఇంట్లో నిత్యం చేతికి తగిలే వస్తువులు. పద్నాలుగో ఏట కుర్రవాణ్ణి దగ్గరి పట్నమైన ఆబెన్రాలో ఒక పెయింటరు దగ్గర పనికి కుదిర్చారు. తరువాత ఫ్లెన్స్‌బర్గ్‌లో మరొకరి దగ్గర పని నేర్చుకున్నాడు. తలుపులు, బల్లలు, సైన్‌బోర్డులు చేసే చోట కొలత తప్పితే కూలి రాదు. ఆ క్రమశిక్షణ ఆయనను చివరిదాకా విడవలేదు.

1803లో కోపెన్‌హాగెన్ చేరి రాయల్ అకాడమీలో చోటు సంపాదించాడు. అప్పటికి వయసు ఇరవై. అక్కడి ప్రొఫెసర్ నికొలాయ్ అబిల్‌గార్డ్ పురాణ, చారిత్రక ఘట్టాలను పెద్ద పెద్ద గుడ్డల మీద చిత్రించే పాత తరం గురువు. అకాడమీ దృష్టిలో అన్నిటికన్నా పైమెట్టు ఆ రకం చిత్రాలదే. ప్రకృతి దృశ్యాలు, ఓడల బొమ్మలు కింది మెట్టున ఉండేవి. 1809లో ఎకర్స్‌బర్గ్‌కు అకాడమీ బంగారు పతకం వచ్చింది. విదేశాలకు వెళ్ళి చదువుకునే అవకాశం దాని వెంటే వచ్చింది.

2. నౌకాదళం పోగొట్టుకున్న రాజధాని

ఆయన విద్యార్థిగా ఉండగానే 1807 సెప్టెంబరు మొదటి వారంలో ఇంగ్లీషు సేనలు కోపెన్‌హాగెన్ మీద వరుసగా మూడు రాత్రులు గుండ్లు, నిప్పు రాకెట్లు కురిపించాయి. నెపోలియన్ చేతికి డెన్మార్క్ ఓడలు చిక్కకూడదన్నది వారి సాకు. నగరంలో కొంత భాగం కాలిపోయింది. వార్ ఫ్రూ చర్చి శిఖరం మంటల్లో కూలింది. ఇరవై నాలుగేళ్ళ ఎకర్స్‌బర్గ్ ఆ మంటలను గీశాడు. ఆ బొమ్మలు అచ్చయి జనంలోకి వెళ్ళాయి. చివరికి ఇంగ్లీషువారు డెన్మార్క్ యుద్ధనౌకలను దాదాపుగా అన్నిటినీ తోలుకుపోయారు.

దెబ్బలు అక్కడితో ఆగలేదు. 1813లో ఖజానా దివాలా తీసింది. 1814లో నార్వే చేజారింది. సముద్రం మీద బతికే ఒక చిన్న రాజ్యం ఏడేళ్ళలో నౌకాదళాన్ని, డబ్బును, సగానికి పైగా భూభాగాన్ని పోగొట్టుకుంది. తరువాతి రోజుల్లో ఎకర్స్‌బర్గ్ గీసిన ప్రశాంతమైన ఓడలను చూసేటప్పుడు ఈ నేపథ్యం మరిచిపోకూడదు. ఓడల రేవు మళ్ళీ మెల్లగా నిండుతున్న కాలం అది. కొత్తగా కట్టిన ప్రతి ఓడా ఆ నగరానికి ఒక వార్తే.

3. ప్యారిస్, రోమ్, తిరిగి రేవు

1810లో బయలుదేరి ప్యారిస్ చేరిన ఎకర్స్‌బర్గ్, ఆ కాలపు యూరపులో పేరుమోసిన జాక్ లూయీ దావీద్ స్టూడియోలో శిష్యరికం చేశాడు. మనిషి ఒంటిని ఎదురుగా పెట్టుకుని, కంటికి కనిపించినదాన్ని కనిపించినట్టు గీయడం అక్కడ పట్టుబడింది. 1813 నుంచి 1816 దాకా రోములో ఉన్నాడు. డెన్మార్క్ శిల్పి థోర్వాల్డ్‌సన్ అక్కడ ఆయనకు ఆప్తుడు.

రోములో గీసిన కొలోసియం చిత్రం ఒకటి ఇక్కడ చెప్పుకోదగినది. పైఅంతస్తులోని మూడు తోరణాల గుండా నగరం కనిపిస్తున్నట్టు ఉంటుంది. ప్రతి ఇటుకా లెక్కపెట్టవచ్చు అన్నంత స్పష్టంగా ఉంటుంది. అయితే ఆ మూడు దృశ్యాలూ ఒకే చోట నిలబడితే కనిపించేవి కావు. విడివిడిగా చూసిన మూడింటిని లెక్క ప్రకారం ఒకటిగా కూర్చాడు. యథాతథంగా గీశాడని పేరున్న చిత్రకారుడు యథార్థాన్ని కొలిచి, ఏరి, కట్టాడన్నమాట. సభలోని యువ చిత్రకారులు ఈ తేడాను పట్టుకోవాలి. ఫోటో తీసినట్టు గీయడం వేరు, తెలిసి గీయడం వేరు.

1816లో తిరిగి వచ్చి, 1818లో అకాడమీ ప్రొఫెసరయ్యాడు. షార్లొటెన్‌బోర్గ్ భవనంలో నివాసం, అక్కడే స్టూడియో. అక్కడి నుంచి రేవు నడక దూరం. రాజుగారికి చారిత్రక చిత్రాలు, ఊళ్ళోని వర్తకులకు కుటుంబ చిత్రాలు గీస్తూనే, 1820లలో ఆయన మనసు క్రమంగా ఓడల మీదికి మళ్ళింది. ఆ పని ఎవరూ పురమాయించినది కాదు, ఇష్టంతో ఎంచుకున్నది.

4. పని తీరు: నాలుగు ఆధారాలు

ఎకర్స్‌బర్గ్ సముద్ర చిత్రాలు నాలుగు ఆధారాల మీద నిలబడ్డాయి.

మొదటిది ఓడ. కోపెన్‌హాగెన్ నౌకాదళపు స్థావరం హోల్మెన్ దగ్గర ఆయన ఓడలను దగ్గరగా పరిశీలించేవాడు. ఏ కొయ్యకు ఏ మోకు కడతారో, ఏ తెరచాప ఏ గాలికి విప్పుతారో తెలుసుకున్నాకే కుంచె పట్టేవాడు. ఆయన చిత్రంలో మోకు అందానికి గీసిన గీత కాదు. ఒక చోట మొదలై, ఒక పని చేసి, ఒక చోట ముగుస్తుంది. నావికుడు వేలు పెట్టి తప్పు చూపలేడు.

రెండోది వాతావరణం. ఆయన దశాబ్దాల పాటు డైరీ రాశాడు. అందులో ఆ రోజు గాలి ఎటు నుంచి వీచింది, ఆకాశం ఎలా ఉంది, వాన పడిందా లేదా అన్నవి తప్పనిసరిగా ఉంటాయి. ఇంటి సంగతులు రెండు ముక్కల్లో ముగిసిన రోజున కూడా గాలి సంగతి ఉంటుంది. మబ్బులను విడిగా కాగితాల మీద గీసి దాచుకునేవాడు.

మూడోది చూపు లెక్క, అంటే దగ్గరివి పెద్దగా, దూరానివి చిన్నగా కనిపించడంలోని గణితం. దీని మీద 1833లో యువ చిత్రకారుల కోసం ఒక పుస్తకం, 1841లో మరొకటి రాశాడు. పెద్ద చిత్రం మొదలుపెట్టే ముందు స్కేలుతో గీతలు కొట్టి, దృశ్యాన్ని కాగితం మీద కట్టుకుని, ఆ తరువాతే గుడ్డ మీదికి ఎక్కించేవాడు.

నాలుగోది ఆరుబయట పని. స్టూడియోలో కూర్చుని ఊహించుకోకుండా, రంగులూ కుంచెలూ వెంట తీసుకుని బయటికి వెళ్ళి గీయమని విద్యార్థులకు నేర్పాడు, తానూ అలాగే చేశాడు. ఫ్రాన్సులో ఇంప్రెషనిస్టులు ఆరుబయట పనికి పేరు తేవడానికి నలభై, యాభై ఏళ్ళ ముందు మాట ఇది.

5. రెండు చిత్రాలు, ఒక గీత

ఎల్సినోర్ రేవు గురించి ముందు రెండు మాటలు. డెన్మార్క్, స్వీడన్‌ల మధ్య సముద్రం ఒక ఇరుకైన జలసంధిగా మారుతుంది. బాల్టిక్ సముద్రానికి పోయే ఓడలు ఆ జలసంధి ఒడ్డున ఉన్న ఎల్సినోర్ దగ్గర ఆగి డెన్మార్క్ రాజుకు సుంకం చెల్లించాలి. పదిహేనో శతాబ్దంలో మొదలైన ఈ వసూలు 1857 దాకా సాగింది. అందువల్ల ఎన్నో దేశాల జెండాలు ఆ నీటిలో లంగరు వేసి కనిపించేవి. సముద్ర చిత్రకారుడికి అంతకు మించిన పాఠశాల లేదు.

1828లో ఎకర్స్‌బర్గ్ చిత్రించిన రష్యన్ యుద్ధనౌక అజోవ్ అక్కడిదే. 1827 అక్టోబరులో నవారినో సముద్రయుద్ధంలో పాల్గొన్న ఓడ అది. ఎకర్స్‌బర్గ్ మాత్రం దాన్ని ఎల్సినోర్ దగ్గర, మరో ఫ్రిగేట్‌తో పాటు లంగరు వేసి నిలిచిన స్థితిలో చూపాడు. ఫిరంగుల పొగ లేదు, విరిగిన కొయ్యలు లేవు. అంత పెద్ద ఓడ ఎలా కట్టారు, నీటి మీద ఎలా కూర్చుంది అన్నదే చిత్రానికి విషయం.

1831, 1832లలో గీసిన రెండో చిత్రంలో ఒక అమెరికన్ యుద్ధ బ్రిగ్ లంగరు మీద ఉంది. దాని తెరచాపలు ఆరబెట్టారు. ఎందుకు ఆరబెట్టారన్నది ఓడ తెలిసినవారికే తెలుస్తుంది. తడిసిన గుడ్డను మడిచి కడితే కుళ్ళిపోతుంది. అందుకే రేవులో, గాలి మందంగా ఉన్న రోజున, తెరచాపలను వదులుగా దించి ఎండకు పెడతారు. గాలి బలంగా ఉంటే ఆ పని కుదరదు. కాబట్టి ఆ ఒక్క పనిని ఎంచుకోగానే మిగతా చిత్రం మొత్తం నిర్ణయమైపోయింది. తెరచాప ముడతలు వదులుగా వేలాడాలి, నీటి మీద చిన్న అలలే ఉండాలి, జెండా రెపరెపలాడకూడదు. వీటిలో ఏ ఒక్కటి తప్పినా చిత్రం అబద్ధమవుతుంది.

ఇప్పుడు ఆ గీత సంగతి. విద్యార్థులు నోటుపుస్తకంలో రాసుకోదగినది ఇది. పడవలో కూర్చున్న మనిషి కన్ను నీటిమట్టానికి ఒక మీటరు ఎత్తున ఉందనుకుందాం. అప్పుడు ఆకాశమూ సముద్రమూ కలిసే గీత, ఎదుట ఉన్న ప్రతి ఓడనూ నీటికి ఒక మీటరు ఎత్తునే కోస్తుంది. దగ్గరి ఓడనైనా, దూరపు ఓడనైనా అంతే. దూరం మరీ ఎక్కువై, భూమి వంపు అడ్డొచ్చేదాకా ఈ సూత్రం చెల్లుతుంది. అదే మనిషి పెద్ద ఓడ డెక్కు మీద ఆరు మీటర్ల ఎత్తున నిలబడితే, ఆ గీత ఓడలను ఆరు మీటర్ల దగ్గర కోస్తుంది. చిన్న పడవలు పూర్తిగా గీతకు కిందే ఉండిపోతాయి. చిత్రకారుడు ఎక్కడ నిలబడ్డాడో చిత్రంలోని ఓడలే చెప్పేస్తాయన్నమాట. క్యాలెండర్ బొమ్మల్లో ఓడలు నీటిలో కూర్చోకుండా గాలిలో తేలినట్టు ఉండడానికి కారణం సాధారణంగా ఈ లెక్క తప్పడమే. ఎకర్స్‌బర్గ్ ఓడ తేలదు, దాని బరువు నీటికి తెలుస్తుంది.

6. పరిమితి, శిష్యులు, మన తీరానికి వచ్చిన ఓడ

మెచ్చుకోలుతో పాటు లోపం కూడా చెప్పుకోవాలి. ఎకర్స్‌బర్గ్ తుపాను చిత్రాలు ఆయన ప్రశాంత చిత్రాలకు సాటి రావు. అల ప్రతిదీ విడివిడిగా తెలిసిన చేయి, అన్ని అలలూ కలిసి విరుచుకుపడే గందరగోళం దగ్గర కాస్త బిగుసుకుపోయింది. లెక్క తెలిసినవాడికి లెక్కకు అందనిది కష్టమే.

ఆ కొరతను శిష్యులు తీర్చారు. ఆంటన్ మెల్బీ ఆయన దగ్గర నేర్చుకుని, ఉద్రేకమైన సముద్రాన్ని గీసి యూరపులో పేరు తెచ్చుకున్నాడు. ఆంటన్ తమ్ముడు ఫ్రిట్జ్ మెల్బీ కూడా సముద్ర చిత్రకారుడే. అతడు కరీబియన్ సముద్రంలోని డేనిష్ దీవి సెయింట్ థామస్‌కు వెళ్ళాడు. అక్కడ తండ్రి దుకాణంలో పనిచేస్తున్న ఒక కుర్రవాడికి చిత్రకళ మీద ఉన్న ఆసక్తిని గమనించి, వెంటబెట్టుకుని 1852లో వెనిజులా తీసుకువెళ్ళాడు. ఆ కుర్రవాడు కమీల్ పిసారో, తరువాతి కాలంలో ఇంప్రెషనిస్టులకు పెద్దన్న. ఆరుబయట గీయమన్న కోపెన్‌హాగెన్ పాఠం ఎంత దూరం పోయిందో ఈ ఒక్క దారి చూస్తే చాలు. నేలను, ఇళ్ళను గీసిన క్రిస్టెన్ కొబ్కె, విల్హెల్మ్ బెండ్జ్, మార్టిన్ రోర్బీ వంటివారూ ఆయన శిష్యులే. డెన్మార్క్ చిత్రకళకు స్వర్ణయుగమని పేరున్న కాలం దాదాపుగా ఆ ఒక్క తరగతి గది నుంచి వచ్చింది.

ఇక మన తీరం సంగతి. డేనిష్ వర్తకులు 1620లో తంజావూరు నాయకరాజు రఘునాథ నాయకునితో ఒప్పందం చేసుకుని తరంగంబాడిలో కోట కట్టుకున్నారు. తెలుగులో కావ్యాలు రాసిన రాజు ఆయన. ఆ దశాబ్దంలోనే మచిలీపట్నంలోనూ వారికి వర్తకస్థానం ఏర్పడింది. తరంగంబాడి డేనిష్ మిషన్‌లో పనిచేసిన జర్మన్ పాద్రి బెంజమిన్ షుల్జ్ తెలుగు నేర్చుకుని, 1740లలో జర్మనీలోని హాలె నగరంలో తెలుగు పుస్తకాలు అచ్చు వేయించాడు.

1839లో ఎకర్స్‌బర్గ్ ఉత్తర సముద్రపు తుపానులో చిక్కిన గలతియా అనే చిన్న యుద్ధనౌకను (కార్వెట్) చిత్రించాడు. ఆ ఓడే 1845లో కోపెన్‌హాగెన్ నుంచి ప్రపంచయాత్రకు బయలుదేరింది. కెప్టెన్ స్టీన్ బిల్లె. భారత తీరంలోని డేనిష్ స్థావరాలను ఇంగ్లీషువారికి అప్పగించడం ఆ యాత్ర బాధ్యతల్లో ఒకటి. తరంగంబాడి, శ్రీరాంపూర్‌లను పన్నెండున్నర లక్షల రూపాయలకు అమ్మేశారు. ఓడ తరంగంబాడి, కలకత్తా, నికోబార్ మీదుగా సాగి 1847లో ఇల్లు చేరింది. ప్రకృతి శాస్త్రవేత్తలతో పాటు చిత్రకారులు కూడా అందులో ఉన్నారు. యాత్రకు వెళ్ళే ఓడలో చిత్రకారుడికీ చోటు ఉండాలన్న ఆలోచన ఒక దేశానికి ఊరికే రాదు. ఓడలను గీయడం చదువులో భాగమైన చోటే వస్తుంది.

7. అదే ఏడు, కోరంగి

గలతియా చిత్రం తయారైన ఆ 1839 నవంబరులోనే గోదావరి ముఖద్వారం దగ్గరి కోరంగి రేవును తుపాను, ఉప్పెన తుడిచిపెట్టాయి. అర్ధ శతాబ్దం కిందట 1789లోనూ ఆ ఊరికి అదే గతి పట్టింది. కోరంగి ఓడలు కట్టే ఊరు, సముద్రం మీద తిరిగే ఊరు. ఓడ కట్టే వడ్రంగులు, సరంగులు, కళాసీలు అక్కడ తరతరాలుగా ఉన్నారు. ఎకర్స్‌బర్గ్ హోల్మెన్‌లో వెతుక్కున్న విద్య కోరంగి ఒడ్డున కూడా ఉంది. లేనిది దాన్ని కాగితం మీద పెట్టడం నేర్పే బడి. దక్షిణాదిన మద్రాసు కళాపాఠశాల మొదలైనదే 1850లో. రాజమండ్రిలో దామెర్ల వారి కళాశాల రావడానికి ఆ తరువాత ఇంకో డెబ్బై ఏళ్ళు పట్టింది.

చిత్రకారుడి ప్రతిభ ఎంతటిదైనా ఒడ్డున బడి, గురువు, వృత్తి తెలిసిన పనివాళ్ళు ఉంటేనే అది నీటిని పట్టుకుంటుంది. ఎకర్స్‌బర్గ్‌కు అకాడమీ, నౌకాదళపు రేవు, ఎల్సినోర్ సుంకం రేవు మూడూ దొరికాయి. రామారావు గారికి కూల్డ్రే వంటి గురువు దొరికారు, జె.జె. స్కూలు దొరికింది, కళ్ళ ముందు గోదావరి ఉంది. బడిని మాత్రం ఆయన తానే కట్టవలసి వచ్చింది.

8. ముగింపు

ఎకర్స్‌బర్గ్ చివరి ఏళ్ళలో చూపు మందగించింది. 1853లో కోపెన్‌హాగెన్‌ను కలరా చుట్టుముట్టినప్పుడు, జులై 22న ఆ జబ్బుతోనే మరణించాడు. వయసు డెబ్బై. ఆయన ముఖ్య చిత్రాలు నేడు కోపెన్‌హాగెన్‌లోని డెన్మార్క్ జాతీయ చిత్రశాలలో ఉన్నాయి. దామెర్ల వారి చిత్రాలు రాజమండ్రిలో ఆయన పేరు మీదనే ఉన్న ఆర్ట్ గ్యాలరీలో ఉన్నాయి. మొదటిది చూడడానికి విమానం ఎక్కాలి. రెండోది చూడడానికి రాత్రి బస్సు చాలు.

ఓడ తెలియకుండా ఓడ బొమ్మ నిలవదన్నది ఎకర్స్‌బర్గ్ జీవితం ఇచ్చే తీర్పు. ఈ సభకు వచ్చిన డ్రాయింగు మాస్టార్లకు ఒక విన్నపం. పిల్లలకు సముద్రం బొమ్మను క్యాలెండరు చూసి వేయించవద్దు. ఏడాదికి ఒక్కసారైనా మచిలీపట్నమో, కాకినాడో, భీమిలో తీసుకువెళ్ళండి. పడవ కట్టే మేస్త్రి పక్కన వారిని ఒక పూట కూర్చోబెట్టండి. ఏ చెక్క ఎందుకు వంచారో, ఏ మోకు దేన్ని పట్టి ఉంచుతుందో అడిగి తెలుసుకోనివ్వండి. ఆ రోజు గాలి ఎటు వీచిందో పుస్తకంలో రాయించండి. కుంచె ఆ తరువాత చేతికివ్వవచ్చు.